నీటిలోని రోగము, మాత్రలోని ఆశ

సూర్యాపేట ప్రాంతమున పెన్‌పహాడ్ అను ఊరు కలదు. ఆ పేరులోని పహాడ్ అను మాటకు కొండ యని అర్థము. 2016 అక్టోబరు వరకు ఈ ఊరు నల్లగొండ జిల్లాలోనిది. ఆ జిల్లా పేరులోను కొండయే ఉన్నది. ఊళ్లకు కొండల పేర్లు పెట్టుకొనుట తెలంగాణమున క్రొత్త కాదు. గడ్డపార వేసినచోటనెల్ల రాయి తగులు సీమ యిది. ఆ రాతి సందులలో ఊరిన నీటినే మన పెద్దలు తరతరములుగా త్రాగిరి. ఆ రాయి నీటిలో ఏమి కలుపుచున్నదో తెలిసికొనుటకు మాత్రము ఇరువదవ శతాబ్దము నడిమి వరకు వేచియుండవలసి వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పూర్వపు నల్లగొండ జిల్లాలోని ఒక ఊరికి పోయినప్పుడు అరుగుమీద కూర్చున్న ఒక వృద్ధుని చూచితిమి. మేము పలుకరించినప్పుడు ఆయన తల త్రిప్పలేదు. మొండెమంతయు త్రిప్పి మా వైపు చూచెను. మెడ తిరుగదు. నడుము వంగదు. మోకాళ్లు పూర్తిగా చాపుటకు రావు. ప్రక్కనున్న డబ్బాలో నారింజ రంగు మాత్రలు ఉండెను. అవి విటమిను-సి మాత్రలు. పట్టణములో ఎవరో చెప్పగా రెండేండ్లుగా చప్పరించుచున్నాడట.

“ఈ గోలీలు తింటే నడుము వంగుతదా సారూ?” అని ఆయన అడిగెను.

మేము జవాబు చెప్పుటకు ముందే కోడలు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చెను. అవి ఇంటి వెనుకనున్న బోరింగు నీళ్లు. ఆయన సగము త్రాగి చెంబు క్రింద పెట్టగా, మిగిలిన సగము అక్కడ ఆడుకొనుచున్న మనుమరాలు ఎత్తి గటగట త్రాగినది. డాక్టరు నడిగి చూడుమని ఏదో ఒక మాట చెప్పి మేము లేచి వచ్చితిమి. ఆ జవాబు మాకే తృప్తి నీయలేదు. ఆ చెంబునకు, ఆ మాత్రకు వెనుక ఒక శతాబ్దపు వైద్యచరిత్ర ఉన్నది. దానిని నేడు చదువరుల ముందుంచుట మా ఉద్దేశము.

ఈ రోగమునకు ఫ్లోరోసిస్ అని పేరు. దక్కను పీఠభూమి రాళ్లలో ఫ్లోరైడు కలిగిన ఖనిజములు కలవు. వాన తక్కువైన చోట నీరు రాతిలో చిరకాలము నిలిచి ఆ ఖనిజములను కొద్దికొద్దిగా కరగించుకొనును. త్రాగు నీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము. మన దేశపు ప్రమాణము 1 మిల్లీగ్రామే. వేరు దిక్కు లేనిచోట మాత్రము 1.5 వరకు ఒప్పుకొందురు. అంతకు మించిన నీటిని బాల్యమున త్రాగినవారికి పండ్లపై గోధుమవన్నె చారలు పడును. ఏండ్ల తరబడి త్రాగినవారికి ఎముకలు మందమగును. కీళ్లను పట్టియుంచు కండరపు బంధములు సున్నము పట్టి బిగిసికొనిపోవును. వెన్నెముకలోని గొట్టము ఇరుకై లోపలి వెన్నుపామును నొక్కినప్పుడు కాళ్లు తిమ్మిరెక్కి, బలము తగ్గి, తుదకు మనిషి మంచము పట్టును.

ఈ రోగమును మన హైదరాబాదు రాజ్యమున మొదట తెలిపినవి నోరులేని పశువులు. 1934లో మహాజన్ అను పరిశోధకుడు ఇచ్చటి కొన్ని తావుల పశువులలో దీనిని గుర్తించెను. 1937లో షార్టు మొదలగు వైద్యులు నెల్లూరు జిల్లాలోని మనుష్యులలో ఈ వ్యాధిని వర్ణించి ప్రకటించిరి. 1945లో దావరు అను వైద్యుడు హైదరాబాదు రాజ్యమునందలి ఫ్లోరోసిస్‌ను గూర్చి వ్రాసెను. 1955 డిసెంబరులో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లా రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో విపులమైన వ్యాసము ప్రకటించెను. ఆ డిసెంబరు 10వ తేదీననే నందికొండయొద్ద నాగార్జునసాగరమునకు నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసెను. జిల్లా నీటిలోని దోషము లోకమునకు వెల్లడియైన మాసముననే, ఆ జిల్లాకు మంచి నీరు తేగల ఆనకట్టకు పునాది పడినదన్నమాట. ఆ రెండును ఒకచోట కలియుటకు మాత్రము పలు దశాబ్దములు పట్టినది.

ఇక విటమినుల మాట. కాళ్లు పడిపోయినవానికి విటమిను ఇచ్చిన లేచి నడచునను ఆశ మనకు ఎక్కడి నుండి వచ్చినది? అది మూఢవిశ్వాసము కాదు. దానికి గట్టి పుట్టుక కలదు.

1918లో నీలగిరులలోని కూనూరునందు మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి పరిశోధనకై ఒక చిన్న శాఖను నెలకొల్పెను. ఉత్తర సర్కారులలో మర బియ్యము తినువారికి కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, నడక పోవుచుండెను. అది బియ్యపు తవుడుతో పోయిన బి-1 విటమిను లోపమని తేలినది. ఆ విటమిను అందగనే నరములు తేరుకొనెను. ఆ కూనూరు శాఖయే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలసినది. తార్నాకలోని ఆ సంస్థ పుట్టుకయే కాళ్లు పడిపోవు రోగమునకు విటమినుతో చేసిన వైద్యమునుండి.

ఇట్టి మరొక కథకు మన తెలుగువాడే నాయకుడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన సహచరులతో కూడి ఫోలిక్ ఆమ్లమును వేరుచేసి, 1945 నాటికి కృత్రిమముగా తయారుచేయు మార్గము కనుగొనెను. రక్తహీనతతో పాలిపోయిన రోగులు ఆ మందుతో రోజులలో కోలుకొనిరి. ఈ కథలో చదువరులు మరువరాని ఘట్టము దీని తరువాతనే వచ్చును. పెర్నిషియస్ అనీమియా యను ఒక రక్తహీనతలో నరములును చెడును. ఆ రోగులకు ఫోలిక్ ఆమ్లము ఇచ్చినప్పుడు రక్తము ఎర్రబడినది, ముఖము తేటపడినది, ఆకలి పుట్టినది. కాని లోపల వెన్నుపాము చెడుట ఆగలేదు. కొందరిలో ఇంకను హెచ్చినది. వారికి లోపించినది వేరొక విటమిను. 1948లో బయటపడిన బి-12 యే ఆ లోపము తీర్చినది.

ఇందలి నీతి స్పష్టము. ఒక విటమిను నిజముగా మేలు చేయుచుండగనే అసలు రోగము చాటున పెరుగవచ్చును. రోగి తేరుకొనుచున్నానని నమ్ముచుండగా, ఆ నమ్మకమే సరియైన చికిత్సకు అడ్డము నిలువవచ్చును.

ఫ్లోరోసిస్ విషయమునకు మరల వత్తము. 1940లో పండిట్, రాఘవాచారి మొదలగువారు దక్షిణదేశపు ఫ్లోరోసిస్ గ్రామములను పరిశీలించి, నీటిలోని ఫ్లోరైడు ఒక్కటియే కాక తిండిలోని పేదరికము కూడ రోగతీవ్రతకు కారణమని గ్రహించిరి. ముఖ్యముగ విటమిను-సి కొరవడిన చోట ఎముకల బాధ హెచ్చుగా ఉన్నదని వారి అభిప్రాయము. ఆనాటినుండి సి-విటమినునకును ఈ రోగమునకును ముడి పడినది. ఆ వృద్ధుని డబ్బాలోని మాత్రకు మూలము ఇదియే.

1973లో హైదరాబాదు పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామిగారలు లాన్సెట్ పత్రికలో మరొక వికృతిని వెల్లడించిరి. ఫ్లోరోసిస్ పల్లెలలో ఎదుగుచున్న పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి తగులుచు పాదములు ఎడమైపోవుచుండెను. కాలువలు వచ్చిన తరువాత భూగర్భజలము పైకి వచ్చుటయు, జొన్నయే ముఖ్యాహారమగుటయు, లోహధాతువుల సమతూకము తప్పుటయు దీనికి తోడైనవని వారు భావించిరి. కాల్షియము చాలని ఒంటిలో ఫ్లోరైడు మరింత అపకారము చేయునని తరువాతి పరిశోధనలును తెలిపినవి. పాలు, రాగులు, ఆకుకూరలు అందని ఇంటి పిల్లయే ముందు వంకరపోవును. ఒకే బావి నీరు త్రాగిన రెండిండ్లలో ఒక ఇంట రోగము తీవ్రముగాను, ఒక ఇంట స్వల్పముగాను ఉండుటకు ఇదియొక కారణము.

కనుక చికిత్సలోను పోషణకు చోటు దొరకినది. 1996లో జయపురపు వైద్యులు కొద్దిమంది పిల్లలకు కాల్షియము, డి-విటమిను, సి-విటమిను కలిపి ఇచ్చి రోగలక్షణములు తగ్గినవని ప్రకటించిరి. మన పోషకాహార సంస్థవారు ఇంతకన్న ఇంటికి చేరువైన వస్తువును పరీక్షించిరి. అది చింతపండు. చింతపండు తిన్న బాలుర మూత్రములో ఫ్లోరైడు ఎక్కువగా వెలుపలికి పోయినదని వారు 2002లో తెలిపిరి. తెలంగాణపు పచ్చిపులుసు ఊరక పుట్టలేదని మనము గర్వపడవచ్చును. కాని ఇవన్నియు లేత ఎముకల పిల్లలయందు చేసిన చిన్న ప్రయోగములు. ముప్పది నలువది ఏండ్లుగా బిగిసిన వెన్నెముకను ఏ విటమినును తిరిగి వంచినట్లు నిదర్శనము లేదు. వెన్నుపాము మీది ఒత్తిడిని తీయవలసి వచ్చినప్పుడు అది శస్త్రచికిత్సతోనే సాధ్యము. దానిని గూర్చి హైదరాబాదులో డాక్టరు డి. రాజారెడ్డిగారి వంటి నరముల శస్త్రవైద్యులు పలు దశాబ్దములు పరిశ్రమించిరి.

ఈ ఆశ నల్లగొండకే పరిమితము కాదు. లోకమున మల్టిపుల్ స్క్లిరోసిస్ అను వ్యాధి కలదు. 1868లో పారిసు నగరపు వైద్యుడు షార్కో దానికి రూపము నిరూపించెను. అది నీటివలన వచ్చునది కాదు. శరీర రక్షణకై ఉన్న కణములే దారితప్పి మెదడు, వెన్నుపాములలోని నరముల పైపొరను కొరికివేయును. చూపు మందగించును, కాళ్లు తడబడును, అలసట విడువదు. మన దేశమునను ఈ రోగులు కలరు. ఆ వ్యాధికి ఒక విచిత్ర స్వభావము ఉన్నది. అనేకులలో అది కొన్ని వారములు విజృంభించి, పిదప తనంతట తానే కొంత తగ్గును. అట్లు తగ్గువేళకు రోగి చేత ఏ మందు ఉన్నదో ఆ మందుకే కీర్తి దక్కును. ఆనాడు చేత ఉన్నది విటమిను సీసాయైన విటమినే దేవత యగును.

అందుచేత ఈ రోగమున విటమినుల చరిత్ర ఎగుడుదిగుడుగా నడచినది. ఫ్రాన్సు దేశమున 2016లో బయోటిన్ అను విటమినును మిక్కిలి పెద్ద మోతాదులో ఇచ్చి చూడగా కొందరికి నడక మెరుగైనట్లు తోచినది. రోగులు ఎంతో సంబరపడిరి. ఇంకను పెద్ద పరీక్ష జరిపి 2020లో ఫలితము చూడగా ఆ మేలు నిలువలేదు. పైగా ఆ మోతాదు రక్తపరీక్షలనే తప్పుదారి పట్టించునని తెలిసినది. డి-విటమిను మాట వేరు. అది రక్తములో తక్కువైనవారికి ఈ రోగము వచ్చుట హెచ్చని పలువురు చూచిరి. 2025లో ఫ్రాన్సు వైద్యులు వ్యాధి తొలిదశలో ఉన్నవారికి పెద్ద మోతాదు డి-విటమిను ఇచ్చి, రోగపు క్రొత్త చిహ్నములు కొంత తగ్గినవని ప్రకటించిరి. కాని ఇతర మందులన్నియు మానివేసి డి-విటమిను నొక్కదానినే అంతులేని మోతాదులో మ్రింగుమను సంప్రదాయమొకటి కొన్ని దేశములలో ప్రబలినది. దానికి ఈ ఫలితము సాక్ష్యము కాజాలదు. డి-విటమిను మితిమీరిన రక్తములో కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడును. బి-6 మితిమీరిన నరములే మొద్దుబారునని 1983 నాటికే వైద్యులు చూపిరి. నరముల రోగమునకని మ్రింగిన మాత్ర నరములనే చెరచుట ఎంతటి విషాదము!

ఈ మాట ఫ్లోరోసిస్ రోగికి ఇంకను వర్తించును. ఒంటిలోని ఫ్లోరైడును వెలుపలికి పంపునవి మూత్రపిండములే. మోతాదు మించిన విటమినులతో వానిని చెరచుకొన్నచో, ఉన్న ఒక్క తలుపును చేతులార మూసికొనినట్లే యగును.

అట్లని విటమినును ఆశించు రోగిని పరిహసించుట మాకు సమ్మతము కాదు. తీరని రోగముతో బ్రతుకువానికి ప్రతి ఉదయము చేయుటకు ఒక పని కావలెను. మాత్ర వేసికొనుట ఒక పని. అది ఆ దినమును తన చేతిలోనికి తీసికొన్నానను ధైర్యము నిచ్చును. మర్రిగూడ మండలము శివన్నగూడెమునకు చెందిన అంశల స్వామి చిన్ననాటనే ఈ నీటివలన ఒళ్లంతయు వంకరపోయినను, తనవంటివారి కష్టమును దేశమునకు తెలుపుటకు ప్రయాణములు చేసెను, ప్రభువుల యెదుట నిలిచెను. 2023 జనవరిలో ఆయన కన్నుమూసెను. ఆయన కోరినది అద్భుతమైన మాత్రను కాదు. ఊరికి మంచి నీరు కోరెను.

ఇక్కడనే ఈ చరిత్ర సారమంతయు ఉన్నదని మాకు తోచును. ఒక మందును నమ్మవచ్చునా యని అడుగుటకు ముందు, అది మనచేత దేనిని మాన్పించుచున్నది యని అడుగవలెను. పాలు, ఉసిరిక, చింతపులుసు, వైద్యుడు చెప్పిన కొలతకు కాల్షియము, విటమినులు — ఇవి ఏ చికిత్సను మాన్పింపవు. పక్కన నిలిచి సాయపడును. మాత్ర ఉన్నది కదా యని వైద్యుని యొద్దకు పోవుట మానిన, మాత్ర ఉన్నది కదా యని పాత బోరు నీళ్లే త్రాగిన, ఆ మాత్రయే శత్రువగును.

నీటి కథ చెప్పి ముగింతము. 1970ల దశకమున నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుగునకు దించు పద్ధతిని రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు వచ్చినది. ఇతర దేశములవారును దానిని ఆ పేరుతోనే పిలుతురు. రోగమునకు పేరుమోసిన జిల్లా నివారణకును పేరైనది. కాని ఆ పద్ధతికి ప్రతిదినము కొలత తప్పని శ్రద్ధ కావలెను. అందుచేత చాలచోట్ల అది నిలువలేదు. తుదకు బోరు నీటిని శుద్ధిచేయుటకన్న నది నీటిని తెచ్చుటే మేలని ప్రభుత్వములు గ్రహించినవి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముతో కృష్ణ నీరు గొట్టముల ద్వారా ఈ పల్లెల నల్లాలకు చేరినది. నందికొండయొద్ద 1955లో పడిన పునాది ఇన్నాళ్లకు ఆ చెంబు దాకా వచ్చినది.

అయినను ఇంటింట తెలియవలసిన కొన్ని సంగతులు మిగిలియున్నవి. ఫ్లోరైడునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీటిని మరగించిన అది పోదు. నీరు ఆవిరియైన కొలది ఇంకను చిక్కబడును. గుడ్డతో వడబోసినను పోదు. బోరు నీరు తీయగా ఉన్నదని, నల్లా నీటికి మందు వాసన యని మరల బోరుకు పోవు ఇండ్లు కలవు. వంటకు, చాయకు, పసిపిల్లల పాలలో కలుపుటకు కూడ ఆ బోరు నీరు పనికిరాదు. పాత బోరును బట్టలు ఉతుకుటకు ఉంచుకొనవచ్చును. త్రాగునది మాత్రము పరీక్షించిన నీరే కావలెను.

ఆ వృద్ధునకు ఆనాడు మేము పూర్తి జవాబు చెప్పలేకపోతిమి. నేడు ఎదుట కూర్చుండినచో చెప్పుదుము: తాతా, ఈ గోలీతో నీ నడుము వంగదు. వైద్యుడు ఒప్పుకొన్న కొలతలో వేసికొనుము, తప్పు లేదు. కాళ్లు తిమ్మిరెక్కినను, మూత్రము ఆగినను ఆ దినమే పెద్ద ఆసుపత్రికి పొమ్ము. ఆ చెంబును మాత్రము మార్చుము. నీకోసము కాదు, నీవు సగము త్రాగి క్రింద పెట్టినప్పుడు మిగిలిన సగము ఎత్తుకొను ఆ పిల్లకోసము. దాని మెడ ఇంకను నాలుగు వైపులకును తిరుగుచున్నది.